మెరుపు చూసి కొన్నాను

పసుపు కొమ్మును విరిచి చూడకుండా నేనెప్పుడూ ధర చెప్పలేదు. పాలిష్ పట్టిన కొమ్ము పైకి నిగనిగలాడుతుంది. లోపల సరిగ్గా ఉడికిందా, పురుగు తొలిచిందా అన్నది విరిస్తేనే తెలుస్తుంది. కోరుట్ల, మెట్‌పల్లి, నిజామాబాద్ యార్డుల్లో ఈ పని చేస్తూనే నా తల నెరిసింది. అలాంటివాణ్ణి, ప్రాణం కాపాడుతుందని నడుముకు కట్టుకునే రివాల్వర్‌ను మాత్రం పై మెరుపు చూసి కొన్నాను. ఈ సంగతి ఇన్నాళ్లూ ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు.

సీజన్లో నిజామాబాద్ నుంచి చీకటిపడ్డాక డబ్బు సంచితో 63వ నంబరు జాతీయ రహదారి మీద రావలసి వచ్చేది. ఆ కారణం చూపించే లైసెన్సు అడిగాను. కారణం నిజమే. కానీ మనసులో ఇంకొకటి ఉంది. మా ప్రాంతంలో తుపాకీ మీద భయమూ మోజూ రెండూ పాతవే. 1978 సెప్టెంబరులో దొరలకు వ్యతిరేకంగా రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. మరుసటి నెలలోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఏ దొర గడీలో తుపాకీ ఉంది, అది ఎవరి చేతికి పోయింది, ఎవరు స్టేషన్లో జమ చేసి పట్నం వెళ్లిపోయారు అన్న ముచ్చట్లు వింటూ పెరిగాను. తుపాకీ ఉన్న ఇల్లంటే పెద్దిల్లు అన్న భావం అప్పుడే నాలో నాటుకుంది. లైసెన్సు చేతికొచ్చిన రోజు డబ్బు సంచి నాకు గుర్తుకే రాలేదు. పెళ్లిళ్లలో, పంచాయతీల్లో నలుగురి మధ్య నేను ఎలా కనపడతానో అదే గుర్తొచ్చింది.

మన దేశంలో మామూలు పౌరుడికి .38, .455 బోరు రివాల్వర్లు ఇవ్వరు. అవి నిషిద్ధ బోర్లు. అందుకే లైసెన్సుదారుల చేతుల్లో ఎక్కువగా కనిపించేది .32. కాన్పూర్‌లోని ప్రభుత్వ కర్మాగారాలు వీటిని చేస్తాయి. మహిళల కోసమని 2014లో వచ్చిన అర కిలో బరువు ‘నిర్భీక్’, 2023లో వచ్చిన ‘ప్రబల్’ కూడా అక్కడివే. విదేశీ తుపాకులను పౌరులు దిగుమతి చేసుకోవడం 1980లలోనే ఆగిపోయింది. అంతకుముందు వచ్చినవే చేతులు మారుతూ తిరుగుతున్నాయి కాబట్టి వాటికి లక్షల ధర. ఆ ధరనే నేను నాణ్యత అనుకున్నాను. కాన్పూర్ సరుకు నా హోదాకు తక్కువనిపించింది.

మధ్యవర్తి ఒకాయన వేరే జిల్లాలో ఒక పెద్దమనిషి ఇంటికి తీసుకెళ్లాడు. ఎర్ర మఖ్మల్ గుడ్డ విప్పి బల్ల మీద పెట్టారు. తెల్లటి నికెల్ పూత, నల్ల కర్ర పిడి, గొట్టం మీద సగం అరిగిపోయిన ఇంగ్లిషు అక్షరాలు. “సేటూ, ఇది ఇంగ్లాండ్ మాల్. ఇసొంటిది మళ్ల దొరకది” అన్నాడు మధ్యవర్తి. నేను చేతిలోకి తీసుకుని బరువు చూశాను, అంతే. విప్పలేదు, గొట్టంలోకి చూడలేదు, సిలిండర్ తిప్పలేదు. ఆయన వయసులో పెద్ద, చాయ్ ఇచ్చి కూర్చోబెట్టాడు. ఆయన ముందే వస్తువును తిరగేసి మరగేసి చూస్తే అనుమానించినట్టు ఉంటుందని మొహమాటపడ్డాను. యార్డులో సొంత మేనమామ తెచ్చిన పసుపునైనా విరిచే చూస్తాను, అక్కడ ఏ మొహమాటమూ లేదు.

ఆయుధాల చట్టం ప్రకారం ఒక లైసెన్సుదారు ఇంకొకరికి తుపాకీ అమ్మాలంటే ముందుగా జిల్లా మేజిస్ట్రేటుకో దగ్గరి పోలీస్ స్టేషనుకో రాతపూర్వకంగా తెలపాలి. 45 రోజులు గడిచాకే చేతులు మారాలి. ఆ గడువులోనే తుపాకుల మిస్త్రీని వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లి చూపించుకోవచ్చు. నేను ఆ రోజుల్లో తోలు పౌచ్ కుట్టించుకున్నాను.

ఆ సీజనంతా దాన్ని తూటాలు నింపి తిప్పాను. కారులో నా పక్కన ఒక్కోసారి నా కొడుకు కూర్చునేవాడు.

తర్వాత పౌచ్‌లో తడి చేరి పిడి దగ్గర మచ్చ పడితే, పాలిష్ కోసం హైదరాబాద్‌లో లైసెన్సున్న ఒక దుకాణానికి తీసుకెళ్లాను. అక్కడి ముసలి మిస్త్రీ ముందు ఖాళీగా ఉందా అని మూడుసార్లు చూసుకున్నాడు. తర్వాత తెల్ల కాగితం ముక్కను వెనక పెట్టి గొట్టంలోకి చూసి, నన్నూ చూడమన్నాడు. లోపలి మెలికల గాట్లు సగం చెరిగిపోయి, మధ్యలో నల్లగా ఒక ఉంగరం లాంటి గీత కనిపించింది. ఎప్పుడో ఒక తూటా మధ్యలో ఇరుక్కుంటే, దాని వెనక ఇంకొకటి పేల్చారట. అక్కడ గొట్టం ఉబ్బింది. ఉబ్బును పైనుంచి అరగదీసి నికెల్ పూశారు. ఆ అరగదీతలోనే ప్రూఫ్ ముద్రలూ పోయాయి. బర్మింగ్‌హాంలో 1813 నుంచి ప్రూఫ్ హౌస్ ఉంది. మామూలుకన్నా బలమైన మందుతో పేల్చి, తట్టుకున్న తుపాకీకే ముద్ర కొడతారు. నేను చూసి మురిసిన ఆ సగం అక్షరాల పక్కన ఉండాల్సింది ఆ ముద్రే.

తర్వాత ట్రిగ్గర్ నొక్కిపట్టి, బొటనవేలితో చూపుడువేలితో సిలిండర్‌ను అటూ ఇటూ కదిపాడు. కదలకూడని చోట టక్‌మని కదిలింది. సిలిండర్‌లోని ఆరు గదుల్లో ఏది పేలినా అది గొట్టానికి సూటిగా వచ్చి బిగుసుకోవాలి. వెంట్రుకవాసి పక్కకు జరిగినా తూటా అంచు చెక్కుకుపోయి సీసం పక్కలకు చిమ్ముతుంది. సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య సందును వెలుగుకు ఎత్తి చూపించాడు. మంచి రివాల్వర్‌లో అది 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. నాదాంట్లో దీపం వెలుగు బాగా కనిపించింది.

“మీరు కొన్నంక ఇది పేల్చిన్రా సాబ్?” అన్నాడు.

లేదన్నాను.

“అల్లా మేలు చేసిండు. పక్కన కూసున్నోళ్ల కండ్లు పోయేటివి.”

నాకు నా కొడుకు ముఖం కనిపించింది. దుకాణం మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

ఇప్పుడు ఆలోచిస్తే ఒకటి అర్థమవుతోంది. మా ఊళ్లలో రివాల్వర్ లోపం ఎందుకు బయటపడదంటే, అది పేలనే పేలదు. కోరుట్లలో కాల్చి నేర్చుకునే రేంజ్ లేదు. పెళ్లిలో గాలిలోకి పేల్చడం 2019 సవరణ తర్వాత రెండేళ్ల దాకా జైలు పడే నేరం. ఎన్నికలప్పుడు స్టేషన్లో జమ చేస్తాం, అయిపోయాక తెచ్చుకుంటాం. ఐదేళ్లకోసారి రెన్యువల్‌కు చూపిస్తే నంబరు సరిపోల్చుకుంటారు. నంబరు సరిగ్గా ఉన్నంత మాత్రాన తుపాకీ సరిగ్గా ఉన్నట్టు కాదు. ఎవరూ ఒక్కసారి పేల్చి చూడని వస్తువుకు నోటిమాటా నికెల్ పూతా తప్ప వేరే సాక్ష్యం ఉండదు. అందుకే మధ్యవర్తుల మాట అంత చెల్లుతుంది.

ఆ తుపాకీని మళ్లీ ఎవరికీ అంటగట్టలేదు. కొందామని వచ్చినవాళ్లు ఉన్నారు, నేను పెట్టిన ధర కన్నా ఎక్కువ ఇస్తామన్నారు కూడా. నాకు మనసు ఒప్పలేదు. నిబంధనల ప్రకారం స్టేషన్లో అప్పగించి రసీదు తీసుకున్నాను. డబ్బు పోయింది. ఆ బాధ ఒక పంట నష్టంతో పోలిస్తే పెద్దది కాదు.

తర్వాత కొత్తది కొన్నాను. కొత్తది కదా అని ఈసారి ఊరుకోలేదు. దుకాణంలో దాన్ని ఖాళీ చేయించి, నేనే మెల్లగా హ్యామర్ వెనక్కి లాగి ఆరు గదులూ ఒక్కొక్కటిగా బిగుసుకుంటున్నాయో లేదో చూశాను. మొదట చూపించిన పీసులో సిలిండర్ ఒకచోట గొట్టానికి రాసుకుని ఆగింది. దుకాణదారు ముఖం చిన్నబుచ్చుకున్నా ఇంకొకటి తీయించాను. మడత కీలు, కొక్కెం వదులుగా ఉన్నాయేమో కదిపి చూశాను. గొట్టం, సిలిండర్, చట్రం మీది నంబర్లు ఒకటేనా అని చూసి లైసెన్సులో రాయించుకున్నాను. తర్వాత శిక్షకుడి పక్కన నిలబడి రేంజ్‌లో పేల్చాను. ట్రిగ్గర్ గట్టిగా ఉంది, గురి కుదరడానికి కాలం పట్టింది. ఆ రోజే మొదటిసారి నా చేతిలో ఉన్నది ఏమిటో తెలుసుకున్నాను.

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల ఇళ్లలో తాతలనాటి రివాల్వర్లు బీరువాల్లో ఉన్నవాళ్లు చాలామందే ఉంటారు. వారికి నా విన్నపం ఒక్కటే. వచ్చే రెన్యువల్ దాకా ఆగకండి. తూటాలు తీసేసి, కాగితాలు వెంటబెట్టుకుని, లైసెన్సున్న దుకాణంలో మిస్త్రీకి ఒకసారి చూపించండి. ఆయన వద్దంటే స్టేషన్లో జమ చేయండి. కొనబోయేవాళ్లు అమ్మేవాళ్ల ముందే విప్పి చూడండి, వాళ్లు ఎంత పెద్దవాళ్లైనా సరే.