అండమాన్ సార్

సిద్దిపేటలో అమెరికా పోయొచ్చినవాళ్లకు కొదవ లేదు. వాళ్లతో మనకు బాధ లేదు. ఆర్నెల్లూ మనవడిని ఎత్తుకుని నాలుగు గోడల మధ్య తిరిగి వస్తారు కనుక చెప్పుకోవడానికి వాళ్ల దగ్గర పెద్దగా ఏమీ ఉండదు. కాశీ పోయొచ్చినవాళ్లతోనూ ఇబ్బంది లేదు. అక్కడ వంకాయో కాకరకాయో వదిలేసి వస్తారు, ఆ సంగతి పెళ్లి భోజనాల్లో విస్తరి ముందు తప్ప బయటపడదు. చిక్కల్లా అండమాన్ పోయొచ్చినవాళ్లతోనే. పోయేది వారం రోజులకే. తిరిగి రావడం మాత్రం ఏళ్లు గడిచినా పూర్తికాదు.

ఇది ఫలానా ఒక్కరి గురించి అనుకునేరు. కేంద్ర ఉద్యోగులు ఎల్టీసీ మీద సొంతూరికి బదులు అండమాన్‌కు విమానమెక్కి పోవచ్చని సర్కారు వెసులుబాటు ఇచ్చింది. దాన్ని వాడుకున్నవాళ్లున్నారు, కొడుకు టికెట్లు తీస్తే పోయినవాళ్లున్నారు, ఎరువుల కంపెనీ టార్గెట్ దాటినందుకు తీసుకుపోతే పోయినవాళ్లూ ఉన్నారు. అందరినీ కలిపి ముద్ద చేస్తే వచ్చేవాడే అండమాన్ సార్. ఈ ముద్దలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన పంతులు పాలు కొంచెం ఎక్కువ పడుతుంది, అంతే.

సార్‌ను గుర్తుపట్టడం సులువు. పొద్దున్నే కోమటి చెరువు కట్ట మీద అందరూ నడుస్తుంటే ఆయన ఒక్కడే రెయిలింగ్ పట్టుకుని నిలబడతాడు. నీళ్ల వైపు చూసి నిట్టూరుస్తాడు. ఆగి పలకరించారా, అయిపోయారు.

"నీళ్లున్నయ్ తమ్మీ, కాదనను. అడుగు కనవడ్తదా?"

కనపడదని మనం ఒప్పుకోవాలి. వేలాడే వంతెన ఉంది, బోటింగు ఉంది, పిల్లలకు డైనోసార్ పార్కు ఉంది. అడుగు మాత్రం కనపడదు. ఒకప్పుడు బిందెలు వరుసలో పెట్టి నీళ్ల కోసం కాచుకున్న ఊరు ఇది. ఇప్పుడు చుట్టూ రంగనాయకసాగర్, మల్లన్నసాగర్, కొండపోచమ్మసాగర్. మల్లన్నసాగర్ ఒక్కటే 50 టీఎంసీల జలాశయం. చంద్లాపూర్ దగ్గర రంగనాయకసాగర్ నిండితే నడిమిట్ల గుట్ట, దాని మీద అతిథిగృహం దీవిలాగే కనపడతాయి. ఆదివారం వస్తే జనం టిఫిన్ డబ్బాలు కట్టుకుని పోయి చూసొస్తారు. ఆ మాట ఎత్తితే సార్ దయగా నవ్వుతాడు. "గది దీవెట్లయితది? చుట్టు ఉప్పునీళ్లుండాలె."

ఆయన జేబులో పాత ఇరవై రూపాయల నోటు ఒకటి ఉంటుంది. ఇప్పటి ఎల్లోరా బొమ్మది కాదు, అంతకుముందు చెలామణిలో ఉన్న ఎర్రరంగుది. దాని వెనక కొబ్బరిచెట్లు, కొండ, సముద్రం, దూరాన దీపస్తంభం. మనమందరం ఏళ్ల తరబడి ఆ నోటుతో కొత్తిమీర, పచ్చిమిర్చి కొన్నాం, ఏనాడూ తిప్పి చూడలేదు. సార్ తిప్పి, మడత సాపు చేసి, గోటితో చూపిస్తాడు. "ఇది మౌంట్ హారియట్ మీదికెల్లి కనవడే నార్త్ బే. గీ దీపస్తంభం కాడ నేను నిలవడ్డ." ఒకసారి ఛాయ్ బండాయన చూసుకోకుండా ఆ నోటును గల్లాలో వేసుకున్నాడు. గల్లా మొత్తం కుమ్మరించి వెతికిన దాకా సార్ కదలలేదు. ఆనాడు ఛాయ్ తాగినవాళ్లందరూ అండమాన్ నైసర్గిక స్వరూపం మీద పాఠం విన్నారు.

పాఠంలో మొదటి అధ్యాయం పేర్లు. నీల్ ఐలాండ్ అని మీరన్నారా, ఆపేస్తాడు. 2018 డిసెంబరు 30న దాని పేరు షహీద్ ద్వీప్‌గా మారింది. హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది. పోర్ట్‌బ్లెయిర్‌ను 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం చేశారు. ఇవన్నీ మనచేత అప్పజెప్పించుకుని, మరుక్షణం "మేం నీల్‌ల దిగినంక" అని మొదలుపెడతాడు. నీల్‌లో బీచులకు రామాయణం పేర్లు. భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్, రామ్‌నగర్. కట్ట మీద నడిచే ఒక పెద్దమ్మ ఇది విని, "ఊర్మిళకు ఏం పెట్టలేదా బిడ్డా, ఆడ గూడనా?" అని అడిగింది. సార్‌కు అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న అది. వారం రోజులు ఆవిడ ఎదురొస్తే పక్కకు తప్పుకున్నాడు.

రెండో అధ్యాయం నిశ్శబ్దం. దీని మీద ఆయన గంటసేపు మాట్లాడగలడు. "సప్పుడే ఉండది. అల సప్పుడు, ఆకు సప్పుడు, అంతే. సాయంత్రం అయిదు, అయిదున్నరకే చీకటి వడ్తది. మనకన్న పద్నాలుగు డిగ్రీలు తూర్పు గద, దాదాపు గంట ముందు. ఊరంత సప్పుడుజేయక పంటది." ఈ మాటలు పాత బస్టాండు దాకా వినపడేంత గొంతుతో చెబుతాడు. నిశ్శబ్దం గురించి ఆయనకు ఎంత చెప్పాలని ఉందో, మనకు దాన్ని అనుభవించాలని అంతే ఉంటుంది. కుదరదు.

మూడో అధ్యాయం పగడాలు. నిజం చెప్పాలంటే ఇది బాగా చెబుతాడు. పగడం రాయి కాదు, చెట్టు కాదు, జీవి. సన్నటి జీవులు గుంపులుగా చేరి సున్నపు గూడు కట్టుకుంటాయి. వాటి ఒంట్లో కాపురముండే నాచు వాటికి తిండీ రంగూ ఇస్తుంది. సముద్రం వేడెక్కితే ఆ నాచును వెళ్లగొట్టి తెల్లగా పాలిపోతాయి. 2010లో అండమాన్ దిబ్బలకు ఆ దెబ్బ గట్టిగా తగిలింది. "ఎండకు తెల్లవడ్తయ్" అని సార్ అంటే, మే నెల్లో గొడుగు కింద బత్తాయిలు అమ్మే ఆయన, "మంచి నసీబు సార్, మేమైతే నల్లవడ్తం" అన్నాడు.

పగడం అనగానే మన ఊళ్లో అడిగేది ఒక్కటే. "కుజదోషానికి ఒకటి తేకపోయినవా?" ఇద్దరు మేనబావలు, ఒక వియ్యంకుడు, గుడి అయ్యగారు వరుసగా అడిగారు. ఉంగరంలో పెట్టే ఎర్ర పగడం మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే వేరే జాతి అని సార్ అందరికీ చెప్పాడు. అండమాన్ దిబ్బల్లోని పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఉన్నాయని, చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ముక్క తెచ్చినా నేరమేనని కూడా చెప్పాడు. వియ్యంకుడు నమ్మలేదు. తేవడం ఇష్టంలేక చట్టం చెబుతున్నాడని ఇప్పటికీ అనుకుంటున్నాడు.

ఈ కథకు రెండో ప్రతి ఇంకొకటుంది. అది సార్ ఇంట్లో, సర్వపిండి చేస్తూ సార్ భార్య చెప్పేది. గిన్నెకు పిండి అద్ది వేలితో చిల్లులు పొడుస్తూ, తల ఎత్తకుండా చెబుతుంది. ఆమె ఎక్కడా ఉపన్యాసమివ్వదు కాబట్టి చాలామందికి తెలియదు గానీ, అండమాన్‌ను చూసొచ్చింది ఆమే.

"భరత్‌పూర్‌ల గాజు అడుగుండే పడవెక్కినం. మీ సారు లేచి నిలవడి వీడియోల మాట్లాడుడే సరిపోయింది. నేను గాజు మీదికి వంగి జూసిన. నీలిరంగు చేప ఒకటి, చిలుక ముక్కు తీరు మూతి, పగడాన్ని కటకట కొరుకుతున్నది. కొరికింది మింగి, ఎనక ఇసుక లెక్క ఇడుస్తదట. గా తెల్లటి ఇసుకల దానిది గూడ శానా ఉంటదని పడవాయన చెప్పిండు. మీ సారు ఎల్లెలుకల పండుకొని ఫోటో దిగింది గా ఇసుక మీదనే. ఫ్రేము గట్టిచ్చి హాల్ల వెట్టుకున్నం."

పడవాయనతో సార్ మొదట హైదరాబాదీ హిందీలో దంచాడట. పగడాల వయసెంత, లోతెంత, చార్జీ ఇంత ఎందుకు. అతను ఓపికగా విని, "తెలుగులోనే అడగండి బాబూ, మాది శ్రీకాకుళం జిల్లానే" అన్నాడట. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. ఈ లెక్క సార్ కట్ట మీద చెబుతాడు. అది తనకు తెలిసిన తీరు మాత్రం చెప్పడు.

నీల్ ఐలాండ్ అండమాన్‌కు కూరగాయల బుట్ట. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కాందిశీకులకు 1960లలో అక్కడ భూమి ఇచ్చారు. వాళ్లు పండించిందే పడవల మీద పోర్ట్‌బ్లెయిర్‌కు పోతుంది. సీతాపూర్ బీచికి పోయే దారిలో బీరపందిరి చూసి సార్ ఆటో ఆపించాడట. లోపలికి పోయి, కాయను వేళ్లతో నొక్కి చూసి, "మా రైతుబజారుల దీనికన్న లేతగుంటయ్" అని ఆ రైతుతో అన్నాడట. అతనికి అర్థంకాలేదు. ఆటో డ్రైవరు బెంగాలీలోకి మార్చి చెప్పాడు. రైతు నొచ్చుకుని రెండు కాయలు కోసిచ్చాడు, వండుకుని చూడమని. అవి హోటల్ గదిలో అట్లనే వాడిపోయినయ్ అంటుంది ఆమె.

లక్ష్మణ్‌పూర్‌లో సముద్రం తొలిచిన సహజమైన రాతివంతెన ఉంది. అక్కడివాళ్లు దాన్ని హౌరా బ్రిడ్జి అంటారు. దాని కింద నిలబడి సార్ గైడుకు ఏం చెప్పాడనుకున్నారు? కోమటి చెరువు మీద వేలాడే వంతెనకు రంగురంగుల లైట్లుంటాయని చెప్పాడు. ఫోన్లో ఫోటో చూపిద్దామంటే సిగ్నల్ లేదు. దానికి ఒక పూట అలిగాడు. నిశ్శబ్దం ఎక్కువై రెండోరాత్రికి నిద్రపట్టక, "గిదేం ఊరే, ఓ బండి సప్పుడు లేదు" అని భార్యను లేపాడు. సూర్యాస్తమయం చూస్తున్నవాళ్ల మధ్య నిలబడి అల్లుడికి ఫోన్ చేసి, "ఆడ ఇంక ఎండ గొడ్తున్నదా?" అని అడిగాడు. కొడుతున్నదని విని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

అదీ సంగతి. నీల్‌లో ఉన్నన్నాళ్లూ సిద్దిపేట, సిద్దిపేటలో ఉన్నన్నాళ్లూ నీల్. ఉన్న ఊళ్లో ఒక్కపూట ఉండటం ఈ జాతికి చేతకాదు. ఒడ్డున ఏరిన తెల్ల పగడపు ముక్కను చేతిరుమాలులో చుట్టి, పచ్చడి సీసా అడుగున దాచి తెస్తుంటే విమానాశ్రయం స్కానింగులో పట్టుబడిందని, ఆ మొదటి షెడ్యూలు ముచ్చట అక్కడి సిబ్బంది చెబితే నేర్చుకున్నదేనని కూడా ఆమే చెప్పింది. పచ్చడి పోలేదట. అది ముఖ్యం.

ఇప్పుడు సార్ లక్షద్వీప్ మీద చదువుతున్నాడు. దానికి ముందుగా పర్మిట్ తీసుకోవాలని, అక్కడి లగూన్ల ముందు నీల్ బలాదూరని చెప్పడం మొదలుపెట్టాడు. పోకముందే చెప్పేది ఇంతుంటే వచ్చాక ఎంతుంటుందో మీరే ఊహించుకోండి.

మీకు పోవాలనుంటే తప్పక పోండి. నవంబరు, ఏప్రిల్ నడుమ పోండి. లక్ష్మణ్‌పూర్ రాతివంతెన దగ్గరికి ఆటు వేళకే నడవాలి, రాళ్లు జారుతాయి, చెప్పులు గట్టివి వేసుకోండి. పగడం మీద కాలు పెట్టకండి, గవ్వ కూడా జేబులో వేసుకోకండి. పడవలో కూర్చుని కిందికి చూడండి. వచ్చినంక ఎవరైనా "ఎట్లున్నది?" అంటే "మంచిగున్నది" అని ఊరుకోండి. కోమటి చెరువు కట్ట మీద ఇప్పటికే ఒక సార్ ఉన్నాడు, ఇంకొకరికి జాగా లేదు.