తాళంచెవి ఇన్‌ఛార్జిగారి దగ్గరుంది

అన్నీ ఫోన్లోనే దొరుకుతుంటే ఇంకా గ్రంథాలయాలెందుకని పెద్దలు తెగ అడుగుతున్నారు. నిజమే, ఎందుకు? మరి ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు ఎందుకు లాగుతున్నారో కూడా వాళ్లే చెబితే సరిపోయేది. పన్ను రూపాయికి ఎనిమిది పైసలు. పుస్తకం ముట్టనివాడు కూడా ఠంచనుగా కడుతున్నాడు. వసూలు చేసేది పంచాయతీ, మున్సిపాలిటీ. చేరాల్సింది జిల్లా గ్రంథాలయ సంస్థకు. దారిలో ఆ సొమ్ము వీధిదీపాల దగ్గరో, మురుక్కాలవ దగ్గరో కాస్త సేద తీరుతుంది. ఆ కాస్తా ఏళ్లు. బకాయిలు పంపండి మహాప్రభో అని సంస్థవాళ్లు రాసే లేఖలు బైండు చేయిస్తే ఒక బీరువా నిండుతుంది.

1935లో పాతూరి నాగభూషణంగారు పుస్తకాలను పడవెక్కించి కృష్ణా కాలవ మీద ఊరూరా తిప్పారు. చాదస్తం! ఇప్పుడు పుస్తకం బీరువా గడప కూడా దాటదు. బీరువాకు తాళం. తాళంచెవి ఇన్‌ఛార్జిగారి దగ్గర. ఆయనకు మూడూళ్లు. మన ఊరి వంతు మంగళవారం, మంగళవారమే జిల్లా కేంద్రంలో మీటింగు. వచ్చినా తాళం తీయడు పాపం, పుస్తకం పోతే జీతంలో కోత పడుతుందని భయం. పుస్తకాలున్నది వాడుకోవడానికేనని రంగనాథన్ 1931లోనే గ్రంథాలయ శాస్త్రానికి మొదటి సూత్రంగా చెప్పేశారు. ఆడిటరు మాత్రం పుస్తకం నలిగిందా అని అడగడు, ఉందా అనే అడుగుతాడు.

జనం రావడం లేదట! పొద్దున్నే గేటు దగ్గర చూడండి. గ్రూప్-2 వాళ్లు, డీఎస్సీ వాళ్లు, కానిస్టేబుల్ వాళ్లు. పుస్తకాలు సొంతం, పరీక్ష అట్ట సొంతం, కొందరికి కుర్చీ కూడా సొంతమే. ప్రభుత్వం వారి వాటా ఒక ఫ్యాను, దాని పక్కన ఒకే ఒక్క ప్లగ్గు. ఆ ప్లగ్గు కోసం జరిగే వాదోపవాదాలు అసెంబ్లీలో కూడా ఉండవు. వాళ్లలో లైబ్రరీ సైన్సులో పీజీ చేసినవాడూ ఉంటాడు. లైబ్రేరియన్ లేని లైబ్రరీలో కూర్చుని కానిస్టేబుల్ పరీక్షకు తయారవుతుంటాడు. లైబ్రేరియన్ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తే వయసు దాటిపోతుందని అతనికి ఎవరో మంచి చెప్పారు.

ఏటా నవంబరు 14 నుంచి వారం రోజులు, గ్రంథాలయ వారోత్సవాలప్పుడు మాత్రం భోగమే. పటాలకు దండలు, పిల్లలకు గ్రంథాలయాల ఆవశ్యకత మీద వ్యాసరచన, గెలిచినవాడికి స్టీలు టిఫిను బాక్సు. సభ కోసం హాలు ఖాళీ చేయించి కుర్రాళ్లను వేపచెట్టు కిందికి తోలేస్తారు. నేటి యువత గ్రంథాలయం గుమ్మం తొక్కడం మానేసిందని ముఖ్య అతిథి మైకు పట్టుకుని వాపోతారు. సౌండు బాక్సు చెట్టువైపే పెట్టారు కాబట్టి కుర్రాళ్లకు స్పష్టంగానే వినపడుతుంది.