డజను పలకలు

ఆళ్లగడ్డ నుంచి అహోబిలం పోయే దారిలో ఏ ఊరి ఖాతాలు తిరగేసినా సగం పేర్లు నరసింహస్వామివే. ఓబులేసు, ఓబుల్ రెడ్డి, నరసింహులు, నరసమ్మ, చెంచమ్మ. అందరికంటే ఎక్కువ మంది ఓబులమ్మలు. ఒకే పొదుపు సంఘంలో ముగ్గురు ఓబులమ్మలు ఉండేవాళ్లు. ఇంటిపేరు చూసి, మొగుడి పేరు చూసి, చివరికి ఫోటో చూసి గానీ డబ్బు చేతికి ఇవ్వలేకపోయేవాళ్లం. మా మేనేజరు సారు అనేవారు: "పేర్లు ఒకటైనా సంతకాలు ఒకటి కావు. నిశానీలు మాత్రం మన కళ్లకు అన్నీ ఒకటే."

నేను గుమాస్తాగా చేరిన బ్రాంచికి ఆయన మేనేజరు. 1975 అక్టోబరు 2న దేశంలో మొదటి ఐదు గ్రామీణ బ్యాంకులు మొదలయ్యాయి. మరుసటేడే కడప కేంద్రంగా రాయలసీమ గ్రామీణ బ్యాంకు వచ్చింది. 1969లో 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసినా, వాటి మెట్లెక్కడానికి జంకే చిన్నరైతులు, కూలీలు, చేతిపనుల వాళ్లు ఇంకా షావుకారు అరుగు మీదే కూర్చునేవాళ్లు. వాళ్ల కోసం పెట్టిన బ్యాంకులివి. సారు ఆ తొలినాళ్లలోనే ఉద్యోగంలో చేరిన మనిషి. కె.సి. కాలువ నీళ్లు పారే ఊళ్ల రైతులు బ్రాంచికి వాళ్లే వస్తారు. వాననే నమ్ముకుని నల్లమల అంచున బతికే మెట్ట ఊళ్ల వాళ్లు రారు. ఆయన స్కూటరు ఎప్పుడూ ఆ రెండో వైపే తిరిగి ఉండేది.

నిశానీ అంటే ఆయనకు అంత పట్టుదల ఎందుకో ఒకసారి చెప్పారు. ఒక కరువు ఏడాది వాళ్ల నాయన ప్రోనోటు మీద బొటనవేలు అద్దాడు. అద్దినప్పుడు అంకె వేసే చోటు ఖాళీగా ఉంది. అంకె తర్వాత పడింది. మూడెకరాల చేను పోయింది. ఆ కాగితం కోర్టులో చూపించినప్పుడు నాయన తన వేలిముద్రను తానే గుర్తుపట్టలేకపోయాడట. ఆ మాట చెప్పి సారు చాలాసేపు మాట్లాడలేదు.

అహోబిలం పార్వేట గురించి తెలియని వాళ్లకు చెప్పాలి. కనుమ నాడు జ్వాలా నరసింహస్వామి, ప్రహ్లాదవరదుడు ఒకే పల్లకిలో గుడి దాటి బయలుదేరతారు. 40 రోజులకు పైగా, 30కి పైగా ఊళ్లు. చెంచులక్ష్మిని మనువాడిన స్వామి తన పెళ్లికి రమ్మని జనాన్ని పేరుపేరునా పిలవడానికి వస్తాడని ఇక్కడి నమ్మకం. చెంచులకు ఆయన అల్లుడు. పల్లకి వచ్చే రోజు ఊరు ఊరంతా అలికి ముగ్గులేసుకుంటుంది, ఆడబిడ్డలు పుట్టిళ్లకు వస్తారు. ఊళ్లన్నీ తిరిగి పల్లకి గుడికి చేరాకే ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు. అన్నాళ్లూ స్వామి దేవేరి అమృతవల్లి అమ్మవారు దిగువ అహోబిలంలోనే ఉంటుంది. గుళ్లో దేవుడి దగ్గరికి భక్తులు పోవడం ఎక్కడైనా ఉన్నదే. దేవుడే గడపగడపకూ రావడం, అందులోనూ చుట్టరికం కలుపుకుని రావడం ఈ సీమకు దక్కిన భాగ్యమని నేను ఈ రోజుకూ అనుకుంటాను.

సారు ఆ పల్లకి వెనకాలే బ్యాంకును నడిపించారు. "స్వామే కదిలి వస్తాంటే, మనం కుర్చీలో కూచుంటే ఎట్లప్పా?" అని మమ్మల్ని లేపుకుని పోయేవారు. పల్లకి దిగిన ఊళ్లో, జనమంతా ఒకచోట ఉన్నప్పుడు, చెట్టు కింద చాప పరిచి ఖాతాలు తెరిచేవాళ్లం. 1992లో నాబార్డు పొదుపు సంఘాలకు బ్యాంకు అప్పు ఇచ్చే పద్ధతి తెచ్చాక ఆ చాప మీదికి ఆడవాళ్లు రావడం మొదలైంది. రోజుకు రూపాయి చొప్పున దాచుకునే వాళ్లు. సంఘం ఖాతా నడపాలంటే నాయకురాళ్లు సంతకం పెట్టాలి. 1991 జనగణన నాటికి రాష్ట్రంలో ఆడవాళ్ల అక్షరాస్యత 33 శాతం కూడా లేదు. మెట్ట ఊళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. అందరూ బొటనవేలు చాపేవాళ్లే.

అప్పుడు కొన్నారు పలకలు. సొంత డబ్బుతో, ఆళ్లగడ్డలో, డజను రాతి పలకలు, రెండు పెట్టెల బలపాలు. స్కూటరు ముందు గోనెసంచిలో అవి గలగలమంటూ పోయేవి. అ ఆల జోలికి పోయేవారు కాదు. "అక్షరాలన్నీ తర్వాత నేర్చుకుందురు గానీ, ముందు మీ పేరు మీది చేసుకోండి" అనేవారు. పలక పైన పెద్దగా పేరు రాసి, దాని మీదే పదిసార్లు బలపం తిప్పించి, ఆ తర్వాత కింద రాయమనేవారు. ఓబులమ్మలకు పని త్వరగా అయ్యేది, నాలుగే అక్షరాలు. లక్ష్మీనరసమ్మలు చెమటలు కక్కేవాళ్లు. కొడవలి పట్టి కాయలు కాసిన వేళ్ల మధ్య బలపం నిలిచేది కాదు. విరిగిన బలపం ముక్కలు ఏరుకుని మళ్లీ మొదలుపెట్టేవాళ్లు. వాళ్ల వెనక నిలబడి, పసిపిల్లలకు చెప్పినట్టు కాకుండా, తోటి మనిషికి దారి చెప్పినట్టు చెప్పేవారాయన. విసుక్కోవడం నేను చూడలేదు.

సంతకం కుదిరిన రోజు బ్రాంచిలో పండగే. నమూనా సంతకం కార్డు మార్చి, పాత కార్డు మీది వేలిముద్రకు అడ్డంగా ఎర్రగీత కొట్టేవారు. ఇంటి నుంచి తెచ్చిన బుడ్డల ఉండలు ఒక్కొక్కటి మా అందరి చేతుల్లో పెట్టేవారు. ఒకామె అహోబిలం బస్సు బోర్డు మీద తన పేరులోని అక్షరాలు కనిపించాయని, ఎక్కాల్సిన బస్సు వదిలేసి బ్యాంకుకు పరుగెత్తుకొచ్చింది. సారు కుర్చీలోంచి లేచి ఆమెకు నమస్కారం పెట్టారు. ఆ దృశ్యం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. అప్పు ఇచ్చి, తిరిగి రాబట్టి, లాభం చూపించిన మేనేజర్లను ఎందరినో చూశాను. ఖాతాదారుకు లేచి నమస్కరించిన మేనేజరును ఒక్కరినే చూశాను.

ఇంటి విషయంలోనూ ఆయన అట్లాంటి వారే. జీతం నుంచి ఇద్దరు తమ్ముళ్లను చదివించారు, చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశారు. మంచాన పడ్డ నాయనను చివరిదాకా తన ఇంట్లోనే పెట్టుకున్నారు. "ఆడబిడ్డకు సదువే కట్నం" అని కూతుర్ని కర్నూలు హాస్టల్లో ఉంచి డిగ్రీ చేయించారు. బ్రహ్మోత్సవాలప్పుడు సత్రంలో అన్నదానం లెక్కలు రాసేది ఆయనే, వడ్డన దగ్గర నిలబడేది ఆయనే. కొండెక్కి వచ్చిన చుట్టాలు, దారి తప్పి వచ్చిన రైతులు, బస్సు తప్పిన మా లాంటి వాళ్లు, రాత్రి ఎంత పొద్దుపోయినా ఆ ఇంట్లో కడుపునిండా తినేవాళ్లు. ఆ ఇంటి నుంచి ఏది వచ్చినా శుభ్రంగా వచ్చేది. సారు ఇస్త్రీ చొక్కా, ఆయన క్యారియరు, ఆఖరికి ఆ పలకలు కూడా. సాయంత్రం బలపం పొడితో తెల్లబోయి సంచిలో ఇంటికెళ్లిన పలకలు, తెల్లారేసరికి నల్లగా నిగనిగలాడుతూ తిరిగొచ్చేవి.

ఆయన రిటైరయ్యారు. 2005లో, కడప జిల్లా పాటూరులో పుట్టిన వై.వి. రెడ్డి రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉండగా, ఖాతాలో నిల్వ లేకపోయినా పేదలకు ఖాతా ఇవ్వాలని బ్యాంకులకు చెప్పారు. ఆ వార్త పేపర్లో చూసి సారు నాకు ఫోన్ చేసి చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. మరుసటేడు మూడు గ్రామీణ బ్యాంకులు కలిసి ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు అయింది. బోర్డులు మారాయి. పార్వేట ఊళ్లలో ఆయన పేరు మారలేదు. "పలకల సారు" అంటే చెంచు గూడెంలోనూ తెలుసు.

ఆయన పోయినప్పుడు నేను ఊళ్లో లేను. ఎన్నో బ్రాంచీలు తిరిగి, ఆఫీసరుగా మళ్లీ ఆ బ్రాంచికే వచ్చిన కొత్తల్లో, ఆయన డిపాజిట్టు క్లెయిము నా టేబులు మీదికి వచ్చింది. 1985లో నామినీని రాసుకునే వీలు వచ్చినప్పటి నుంచి ఆయన ప్రతి రైతుకూ చెప్పింది ఒకటే, ఆ గడి ఖాళీగా వదలొద్దు, పెళ్లాం పేరు రాయి అని. తన కాగితాల్లోనూ అదే చేశారు. డబ్బంతా ఆమెకే.

కొడుకు ఆమెను తీసుకొచ్చి కూర్చోబెట్టి, జిరాక్సుల కోసం బయటికి వెళ్లాడు. అమ్మగారు వచ్చారని తెలిసి, లోన్ కంతు కట్టడానికి వచ్చిన పొదుపు సంఘం ఆడవాళ్లు చుట్టూ చేరారు. ఆమె చేతులు పట్టుకుని ఏడ్చారు. "మా చేతికి అక్షరం ఇచ్చిన దేవుడమ్మా" అన్నారు. ఆమె అందరి వెన్నూ నిమిరింది.

ఫారం నేనే నింపాను. నామినీ పేరు అన్నచోట ఆమె పేరు రాశాను. ఆ డజను పలకల మీద అన్నిటికంటే ఎక్కువసార్లు పడిన పేరే అది, నాలుగక్షరాలు.

"ఇక్కడ సంతకం చేయండమ్మా" అని పెన్ను అందించాను.

ఆమె పెన్ను తీసుకోలేదు. టేబులంతా కళ్లతో వెతికింది.

"ఇంకు డబ్బా ఏదీ నాయనా?" అంది.

నాకు మాట రాలేదు. సీళ్లు వేసే ప్యాడు ముందుకు జరిపాను. అలవాటున్న మనిషిలా బొటనవేలు అద్ది, నేను చూపించిన చోట ఒత్తింది. వేలిముద్రకు ఇద్దరు సాక్షులు కావాలి. పక్కనున్న ఇద్దరు ఆడవాళ్లు ముందుకొచ్చారు. సారు నేర్పినట్టే, ఒక్కొక్క అక్షరం దగ్గర ఆగి, గుండ్రంగా సంతకాలు పెట్టారు.

పెట్టాక ఒకామె ఆగలేకపోయింది.

"అదేందమ్మా, ఊరందరికీ నేర్పిచ్చినాడే సారు! నీకు పలక ఇయ్యలేదా?"

"ఇయ్యకేం తల్లీ" అంది ఆమె, వేలికంటిన సిరా కొంగుతో తుడుచుకుంటూ. "దినామూ ఇచ్చేవాడు. పన్నెండూ ఇచ్చేవాడు. కడిగి పెట్టమని."