సవరణ మాస్టారు

మా కాలేజీలో ప్రతి కాగితానికీ రెండు జన్మలుంటాయి. సవరణ మాస్టారి చేతికి వెళ్లక ముందు అది చరిత్ర పాఠమో, వృక్షశాస్త్రమో పోల్చుకోవచ్చు. వెళ్లొచ్చాక ఎర్ర సిరా తప్ప మరేమీ కనిపించదు.

ఆయన్ని అసలు పేరుతో పిలిచేది జీతాల బిల్లు ఒక్కటే. మిగతా అందరికీ ఆయన సవరణ మాస్టారే. మీ కాలేజీలో ఇంకో పేరుండొచ్చు గానీ మనిషి మాత్రం ఉండే ఉంటారు. బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఆయనే, అకడమిక్ కౌన్సిల్‌లో ఆయనే, ఐక్యూఏసీలో ఆయనే. క్యాంటీన్ కమిటీలోనూ ఉన్నారు కాబట్టి మా క్యాంటీన్‌లో ఇడ్లీ ధర కింద "అనుబంధం-1 చూడుడు" అని రాసి ఉంటుంది.

ఆయన నోట మొదట వచ్చే మాట "చిన్న సవరణ". అది వినపడగానే బయటి నుంచి వచ్చిన సబ్జెక్టు నిపుణుడు రైలు టైము చూసుకుంటాడు. వైస్ చాన్సలర్ నామినీ టీఏ బిల్లు ముందుకు లాక్కుంటాడు. అటెండరు సమోసాలు మళ్లీ మూతపెడతాడు. పెద్ద సవరణలు ఆయన ఎప్పుడూ చేయలేదు. యాభై చిన్నవి చేస్తారు, అంతే.

కాగితాన్ని వెనక నుంచి చదవడం ఆయన పద్ధతి. ముందు రిఫరెన్సు పుస్తకాలు, వాటిలో ప్రచురణ సంవత్సరం, ఆ తర్వాత మార్జిన్లు. పాఠం ఏమిటన్నది చివర్లో, అదీ ఓపిక మిగిలితే. ఒకసారి తెలుగు శాఖ వాళ్లు సిలబస్‌ని అను ఫాంట్‌లో కొట్టి పంపారు. ఆ ఫాంట్ ఈయన కంప్యూటర్లో లేదు. తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలూ, డాలరు గుర్తులూ, బ్రాకెట్లూ కలిసిన పులగం వచ్చింది. వేరేవాళ్లయితే ఫోన్ చేసి అడుగుతారు. ఈయన ప్రింటు తీసి, ఆ పులగంలోనే మూడుచోట్ల ఎర్రగీత గీసి, "ఇక్కడ కామా అవసరం" అని రాసి పంపారు.

ఇంతకీ ఈ కాగితాలన్నీ దేనికంటే జనరల్ కోర్సులకి. ఫిజిక్స్ చదివే అమ్మాయికి కాస్త చరిత్ర, బీకాం కుర్రాడికి కాస్త ప్రకృతి తెలియాలన్నది వీటి ఉద్దేశం. కొత్త సంగతేమీ కాదు. 1948-49లో రాధాకృష్ణన్ కమిషన్ జనరల్ ఎడ్యుకేషన్ పేరుతో ఇదే చెప్పింది. అంతకుముందు 1931 నుంచి 1936 దాకా వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా ఉన్న ఆ రాధాకృష్ణనే. అంత పెద్దాయన అంత స్పష్టంగా చెప్పిన మాట తరగతి గదిదాకా రావడానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టిందో విద్యావేత్తలు రకరకాల కారణాలు చెబుతారు. కాలేజీకొక సవరణ మాస్టారు ఉండబట్టేనని నా అనుమానం.

ఆయన చేయి పడకుండా బయటపడ్డ కోర్సు పర్యావరణ విద్య ఒక్కటే. ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు పట్టుబట్టడంతో డిగ్రీ పిల్లలందరికీ అది తప్పనిసరైంది, యూజీసీ సిలబస్ తయారుచేసి ఇచ్చింది. ఆ బాధ మాస్టారికి ఇప్పటికీ తీరలేదు. "కోర్టువారు ముందు మన బోర్డులో పెట్టి ఉంటే బాగుండేదండీ. మూడో యూనిట్ కాస్త బరువైంది" అంటుంటారు.

ఆయన జేబులో లామినేషన్ చేయించిన కార్డు ఒకటి ఉంటుంది. బెంజమిన్ బ్లూమ్ అనే అమెరికన్ పండితుడు 1956లో తన బృందంతో కలిసి చదువు లక్ష్యాలను మెట్లుమెట్లుగా వర్గీకరించాడు. దాన్ని 2001లో ఆయన శిష్యులు, సహచరులు సవరించారు. (సవరించారన్న మాట దగ్గర మాస్టారి ముఖం వెలిగిపోతుంది.) ఈ కోర్సు చదివితే పిల్లలకు ఏమొస్తుందో రాసేటప్పుడు ఆ కార్డులో ఉన్న క్రియలే వాడాలి. "నిర్వచిస్తారు", "వర్గీకరిస్తారు", "విశ్లేషిస్తారు" అని రాయొచ్చు. "అర్థం చేసుకుంటారు" అని మాత్రం రాయకూడదు, ఎందుకంటే అది కొలతకు అందదట. 2001 మెట్లలో రెండోది అచ్చంగా అర్థం చేసుకోవడమేనని ఒకసారి చూపించాను. "అది మెట్టు పేరండీ. మెట్టు మీద కాలు పెట్టమన్నారు గానీ పేరు వాడమన్లేదు" అన్నారు. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

మా తెలుగు మేడమ్‌గారు ఒక ఏడాది సినిమా పాటల్లో కవిత్వం మీద కోర్సు పెట్టారు. ఫలితాల కింద "విద్యార్థులు కవిత్వాన్ని ఆస్వాదిస్తారు" అని రాశారు పాపం.

"ఆస్వాదించారని ఎలా తెలుస్తుంది మేడమ్?" అని మొదలుపెట్టారు మాస్టారు.

"తెలుస్తుందండీ. పాట వింటుంటే కళ్లు చెమరుస్తాయి."

"ఎంతమందికి?"

"ఎంతమందికంటే... వినేవాళ్లను బట్టి."

"అట్లా కాదమ్మా. అరవై శాతం మందికి చెమరిస్తేనే అటైన్‌మెంట్ వచ్చినట్టు. ఇంటర్నల్స్‌లో ఎంత చెమరించాలి, సెమిస్టర్ చివర ఎంత చెమరించాలి, అది విడగొట్టి రాయండి."

మేడమ్‌గారు ఆ మధ్యాహ్నమే కోర్సు వెనక్కి తీసుకున్నారు. ఆయన నిజంగా నొచ్చుకున్నారు. "మంచి కోర్సండీ, ఒక్క క్రియ మార్చమన్నాను, అంతేగా" అని వారం రోజులు స్టాఫ్ రూమ్‌లో దొరికిన వాళ్లందరికీ చెప్పుకున్నారు.

ఇక నా సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీలో జీవన నైపుణ్యాల కోర్సులు, నైపుణ్యాభివృద్ధి కోర్సులు వచ్చాయి. ఒక్కోటి రెండు క్రెడిట్లు, ముప్పై గంటలు. మనది అటానమస్ కాబట్టి సొంతంగా కూడా ఒకటీ అరా పెట్టుకోవచ్చని ప్రిన్సిపాల్‌గారు అన్నారు. నేను చరిత్ర మాస్టార్ని. మా పిల్లల్లో చాలామంది ఊళ్లు చెరువుల కిందివే. కంభం చెరువుకు 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ కట్టడంగా గుర్తింపు ఇస్తే, ఆ చుట్టుపక్కల నుంచి వచ్చే పిల్లలకే ఆ కబురు తెలియదు. అందుకని "చెరువు" పేరుతో కోర్సు రాశాను. అందులో నాకు ప్రాణం పోరుమామిళ్ల శాసనం.

1369 నాటి శాసనం అది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించాడు. చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలూ, ఉండకూడని ఆరు దోషాలూ అందులో చెక్కించాడు. వెయ్యిమంది కూలీలు, వంద బళ్లు పనిచేస్తే రెండేళ్లలో చెరువు పూర్తయిందట. ఆరు దోషాల్లో ఒకటి, చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. అది చదివినప్పుడే నాకు వెలగాల్సింది. నా చెరువు రెండు కాదు, అయిదు డిపార్ట్‌మెంట్ల సరిహద్దులో పడింది.

కరోనా రోజులు కాబట్టి బోర్డు గూగుల్ మీట్‌లో జరిగింది. తెర మీద ఎర్ర సిరా పూయడం కుదరక మాస్టారు చాలా ఇబ్బంది పడ్డారు. వేలితో చూపిస్తే మాకు ఆయన వేలే కనిపించేది. పరిశ్రమల ప్రతినిధిగా మా ఊళ్లో దొరికిన రైసుమిల్లు యజమాని ఉన్నారు. ఆ పూట తెలివైన ప్రశ్న అడిగింది ఆయనొక్కడే: "ఇంతకీ ఈ చెరువు ఎక్కడుందండీ?" జవాబు చెప్పబోయేలోగా "చిన్న సవరణ" అని వినబడింది.

చెరువన్నాక చేపలుంటాయి కాబట్టి ఒక యూనిట్ జువాలజీకి పోయింది. చేపలన్నాక అమ్మాలి కాబట్టి ఒకటి కామర్స్‌కి. అమ్మాక లెక్కలు ఎక్సెల్‌లో వేసుకోవాలి కాబట్టి ఒకటి కంప్యూటర్స్‌కి. చివరిది మానవ విలువలు. అది ఎందుకని ఎవరూ అడగరు, ఏ కోర్సుకైనా చివరన అదే ఉంటుంది. మొదటి యూనిట్ మాత్రం నాకే వదిలారు. "నీరు: నిర్వచనం, స్వభావం, పరిధి, ప్రాముఖ్యం" అని దానికి పేరు పెట్టారు. పోరుమామిళ్ల శాసనం ఎక్కడుందా అని వెతుక్కుంటే, ఆఖరి పేజీలో రిఫరెన్సు పుస్తకాల కింద, "అదనపు పఠనం (వీలైతే)" అన్న చోట దొరికింది.

ఆ సాయంత్రం ఫోన్ చేసి గట్టిగానే అడిగాను. చెరువు కోర్సులో ఎక్సెల్ ఏమిటండీ అని. ఆయన చాలాసేపు నసిగారు. చివరికి, "కంప్యూటర్స్‌లో ఆ గెస్ట్ లెక్చరర్ అమ్మాయి లేదూ, ఈ సెమిస్టర్‌లో ఆమెకు వారానికి రెండు గంటలు తగ్గుతున్నాయండీ. గంటల లెక్కన జీతం. ఇంట్లో ఇద్దరు పిల్లలు. మీది రెగ్యులర్ పోస్టు, మీ శాసనం ఎక్కడికీ పోదు" అన్నారు. కామాలు వెతికే మనిషి గంటల పట్టికలో ఇంకేం వెతుకుతున్నారో అప్పటిదాకా నాకు తెలియదు. కోపం ఎటు పోయిందో పోయింది, ఎక్సెల్ మాత్రం ఉండిపోయింది.

ఇంకో సంగతీ చెప్పుకోవాలి. ఫీల్డ్ విజిట్ సాయంత్రం నాలుగింటికని నేను రాస్తే, ఉదయానికి మార్పించిందీ ఆయనే. బయటి నిపుణులు, నామినీ, నేను, ఎవరమూ గమనించలేదు. "నాలుగున్నర బస్సు తప్పితే ఆ కొండకింద ఊళ్ల ఆడపిల్లలు చీకటి పడ్డాకగానీ ఇంటికి చేరరు" అని మార్జిన్‌లో రాశారు. మిగతావాళ్లం ఎవరమూ ఆ పేజీ దాకా చదవలేదు. "ఆమోదించవచ్చు" అని సంతకం పెట్టి సమోసా అందుకున్నవాళ్లమే. ఆన్‌లైన్ అయితే ఎవరి సమోసా వాళ్లింట్లోనే.

కౌన్సిల్ ఆమోదించింది, "స్వల్ప మార్పులకు లోబడి". ఆ స్వల్ప మార్పులు ఏమిటన్నది మినిట్స్‌లో లేదు. మినిట్స్ రాసింది కూడా ఆయనే, మరి ఈ ఒక్కటీ ఎలా వదిలేశారో! నేను నా కోర్సులో నా వంతు నీటి నిర్వచనం చెప్పడం మొదలుపెట్టాను. శాసనాన్ని స్వభావానికీ పరిధికీ మధ్య దొంగతనంగా దూర్చేవాణ్ణి. చెరువు సరిహద్దులో ఉంటే దోషమని చెబితే వెనక బెంచీలో ఒకడు లేచి, "అవును సార్, మా ఊళ్లోనూ రెండు పంచాయతీలు కొట్టుకుంటాయి" అన్నాడు. అది ఏ మెట్టులోకి వస్తుందో కార్డు చూసి చెప్పమని మాస్టారిని అడుగుదామనుకుని ఊరుకున్నాను.

ఈలోగా 2022 డిసెంబరులో యూజీసీ కొత్త చట్రం వచ్చింది. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, అందులో మల్టీడిసిప్లినరీకి తొమ్మిది. 2023-24లో మన రాష్ట్రంలో సింగిల్ మేజర్ మొదలైంది. పాత కోర్సులన్నీ ఒక్క జీవోతో నీళ్లలో కలిశాయి, చేపలతో సహా. స్టాఫ్ రూమ్‌లో అందరం దిగాలుగా కూర్చుంటే, సవరణ మాస్టారు ఒక్కరే పెళ్లివారిలా వచ్చారు. చేతిలో కొత్త ఫార్మాట్ ఉంది.

"మాస్టారూ, మీ చెరువు మళ్లీ పెట్టండి. ఈసారి శాసనాన్ని ముందుకు తెద్దాం. ఐదు యూనిట్లూ దాని మీదే."

నా చెవుల్ని నేను నమ్మలేదు. "నిజంగానా అండీ?"

"నిజంగానే. ఒక్క చిన్న సవరణ. మీ శాసనంలో దోషాలు ఆరున్నాయి, మనకు యూనిట్లు ఐదు. ఒకటి తగ్గించాలి."

"ఏది తీసేయమంటారు?"

ఆయన జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, మూత విప్పుతూ అన్నారు. "ఆ సరిహద్దు సంగతి తీసేయండి. మల్టీడిసిప్లినరీ స్ఫూర్తికి అది విరుద్ధం."