ఒకటా రెండా అని మమ్మల్నెవరడిగారు?

మా రోజుల్లో ఇంట్లోకి చిలక రావడానికి సమావేశాలు జరగలేదు. శివరాత్రి వెళ్లి ఎండలు ముదిరే వేళకి, తాళ్లు గీసే ఆయన తలగుడ్డలో చుట్టుకుని తెచ్చేవాడు, ఈకలు కూడా సరిగా రాని పిల్లని. మోడు తాడిచెట్టు తొర్రలో చెయ్యి పెడితే రెండు దొరికేవో, మూడు దొరికేవో, ఇంటికొకటి పంచేవాడు. మా ఇంటికొకటి, ఎదురింటికొకటి, కరణంగారింటికొకటి. ఒకే తొర్రలో పుట్టినవి జీవితాంతం ఎదురెదురు వసారాల్లో వేలాడుతూ ఒకదాన్నొకటి కేకేసుకునేవి. ఒకటి తెచ్చుకోవాలా, జత తెచ్చుకోవాలా అని తల బాదుకున్నవాళ్లని నేను చూడలేదు.

ఇప్పుడు చూడండి. ఎనిమిదో తరగతి చదివే మనవరాలికి చిలక కావాలి. మావాడు “ఒక్కటి చాలు, అది మనకి మచ్చికవుతుంది” అంటాడు. కోడలు “అసలొద్దు, బాల్కనీ అంతా పొట్టు” అంటుంది. పిల్ల ఫోన్‌లో వీడియోలు చూసి వచ్చి “ఒక్కదాన్నే పెంచితే దానికి డిప్రెషన్ వస్తుంది నానమ్మా” అంటుంది. చిలకకి డిప్రెషన్! మా కాలంలో మనుషులకే ఆ సౌకర్యం లేదు. ఏడుపొస్తే పెరట్లో గిన్నెలు తోముకుంటూ ఏడ్చేవాళ్లం.

అయినా ఆ పిల్ల మాటలో నిజం లేదని చెప్పను. నిజం ఉంది కాబట్టే ఇంత సణుగుడు.

మా అత్తవారిది తెనాలి దగ్గర పెంకుటిల్లు. వసారాలో దూలానికి పంజరం. అందులో ఒక్కటే చిలక. కానీ అది ఒంటరిగా ఉన్న గడియ నాకు గుర్తులేదు. తెల్లవారకముందే పాలు పితికేవాళ్లు, తర్వాత కూరలమ్మి, బడికెళ్లే పిల్లల గోల, కౌలు మాట్లాడుకోవడానికి వచ్చే రైతులు, మధ్యాహ్నం అప్పడాలు ఒత్తడానికి చేరే అమ్మలక్కలు. పోతూ వస్తూ ప్రతివాళ్లూ దాన్ని పలకరించాల్సిందే. దానికి మా మామగారి దగ్గు వచ్చు. మా అత్తగారి గొంతుతో “ఎవరమ్మా వచ్చిందీ?” అని అరవడం వచ్చు. కొత్త కోడల్ని, ఆ కేక వినగానే పమిట సర్దుకుంటూ పరిగెత్తుకొచ్చేదాన్ని. వస్తే వాకిట్లో ఎవరూ ఉండరు. పంజరంలో అది తల పక్కకి వంచి నన్ను చూస్తూ ఉండేది.

చిలక మాట్లాడిందంటే దానికి చదువబ్బిందని కాదు. అది గుంపులో బతికే జీవి. ఇప్పటికీ ఊళ్లలో చూడండి, పొద్దు గూకే వేళకి ఎక్కడెక్కడివో వందల చిలకలు ఒకే చెట్టు మీద చేరి, కీచుకీచుమని చెవులు చిల్లులు పడేలా అరిచి గానీ నిద్రపోవు. తోటి చిలక లేకపోతే చుట్టూ ఉన్న మనుషులే దాని గుంపు. ఆ గుంపు ఏ కూత కూస్తే తనూ ఆ కూత నేర్చుకుంటుంది. ఊరంతా నడిచే వసారాలో ఉన్న చిలకకి ఇంకో చిలక లేని లోటు తెలిసేది కాదేమో. లేదా తెలిసినా మాకు చెప్పలేదేమో.

ఇంకో తమాషా. ప్రతి ఇంటి చిలకకీ పేరు రాముడే. ఆడో మగో ఎవరికి తెలుసు? మగదానికి మెడ చుట్టూ గులాబి, నలుపు కలిసిన గీత వస్తుంది గానీ, అది పూర్తిగా తేలడానికి మూడేళ్లు పట్టొచ్చు. ఆడదానికి రానే రాదు. ఎదురింటివాళ్లు తమ రాముడికి కంటె ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసి ఎదురుచూసి, చివరికి అది పంజరంలో గుడ్డు పెట్టాక గానీ సంగతి గ్రహించలేదు. మగతోడు లేకపోయినా ఆడచిలక గుడ్లు పెడుతుందని, వాటిలోంచి పిల్లలు రావని అప్పుడే అందరికీ తెలిసింది. ఆ గుడ్డు చూడటానికి వీధి వీధంతా వచ్చింది.

ఇప్పుడైతే ఒక ఈక పీకి ల్యాబుకి పంపితే ఆడో మగో కాగితం మీద రాసిస్తారట. కడుపులో ఉన్న మనిషిబిడ్డ సంగతి చెబితే నేరం, చిలకది చెబితే రసీదు.

మా రోజులన్నీ బంగారమని అనేంత చాదస్తం నాకు లేదు. ఆ గుండ్రటి ఇనుప పంజరంలో చిలక రెక్కలు పూర్తిగా చాపగా నేను చూడలేదు. చాపితే ఊచలకి తగిలేవి. బయటికి తీసినప్పుడు ఎగిరిపోకుండా రెక్కలు కత్తిరించేవాళ్లు. తిండి అంటే వడ్లు, నానబెట్టిన శనగలు, జామకాయ ముక్క, పచ్చిమిర్చి. అది గుంటూరు మిరపకాయని కరకరా నమిలేస్తుంటే చూసి పిల్లలు నోళ్లు వెళ్లబెట్టేవాళ్లు. పక్షులకి మిరప మంట తగలదు, అందుకే దానికి అదొక కూరగాయ. అన్నిటికంటే వింత, మా అత్తగారు ఆ పంజరం కిందే పీట వేసుకుని పిల్లలకి రామదాసు కథ చెప్పడం. పోయిన జన్మలో చిలకని పన్నెండు రోజులు పంజరంలో పెట్టిన పాపానికి గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు మగ్గాడని. పిల్లలు కళ్లు తుడుచుకునేవాళ్లు. పైనుంచి చిలక కూడా వినేది. ఆ లెక్కన మా వంశానికి ఎన్ని వందల ఏళ్లు బాకీ ఉందో ఒక్కరూ లెక్క కట్టలేదు.

సర్కారు కట్టింది. 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద మన రామచిలకని పట్టకూడదు, అమ్మకూడదు, ఇంట్లో పెట్టుకోకూడదు. ఇప్పుడు మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చిలకజోస్యం వాళ్లు వీధుల్లోంచి మాయమవుతున్నది కూడా అందుకే. కాబట్టి మన చిలక విషయంలో ఒకటా రెండా అన్న బెంగ లేదు. సున్నా. ఇంకా ఎవరైనా సంచిలో దాచి తెచ్చి అమ్మితే కొనకండి. మీరు కొనడం వల్లే వాడు మళ్లీ తొర్రలో చెయ్యి పెడతాడు.

ఇక మిగిలినవి విదేశీ పిట్టలు. మావాడు పిల్లని తీసుకుని దుకాణానికి వెళ్లాడు, నేనూ వెళ్లాను, ఊరుకుంటానా. ఆస్ట్రేలియా బడ్జీలని చూపించి లవ్ బర్డ్స్ అంటాడు ఆ అబ్బాయి. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి, వేరే జాతి, పక్క పంజరంలోనే ఉన్నాయి. వాటినేమంటారయ్యా అంటే “అవి ఆఫ్రికన్ లవ్ బర్డ్స్ ఆంటీ” అన్నాడు. బూడిద రంగు ఆఫ్రికా చిలక కావాలంటే 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం పరివేశ్ అనే పోర్టల్‌లో నమోదు చేయించాలట. చిలకకి ఆధార్ కార్డన్నమాట. బడ్జీకి, కాకటీల్‌కి ఆ బాధ లేదు.

ఒకటా రెండా అని అడిగితే ఆ అబ్బాయి దగ్గర రెండు జవాబులున్నాయి. బడ్జీలైతే “జతే ఇస్తాం, సింగిల్ ఇవ్వం.” ఖరీదైన కాకటీల్ దగ్గరికి వచ్చేసరికి “ఒక్కటే తీసుకోండి సార్, జత అయితే మాట్లాడవు, మీ దగ్గరికి రావు.” జేబుని బట్టి ధర్మం మారుతుంది. అయినా ఆ రెండో మాట పూర్తిగా అబద్ధం కాదు. రెండు ఉంటే అవి ముందు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. మన భాష నేర్చుకోవాల్సిన అవసరం వాటికి తగ్గిపోతుంది. ఒంటరి పిట్టకి మనం తప్ప గతిలేదు కాబట్టి మన పలుకులు పలుకుతుంది. పక్ అనే మగ బడ్జీకి 1,728 మాటలు వచ్చని గిన్నిస్ పుస్తకంలో రాశారని మనవరాలు చదివి వినిపించింది. నాకు ఆశ్చర్యం వేయలేదు. ఎవరో రోజంతా దాని ఎదురుగా కూర్చుని ఉంటారు. మా ఇంట్లో ఎవరు కూర్చుంటారు?

అదీ నా ప్రశ్న. ఉదయం ఎనిమిదింటికి అందరూ తలుపు వేసుకుని పోతారు. రాత్రి వచ్చాక ఎవరి గదిలో ఎవరి ఫోన్ వాళ్లది. ఆ మాటే అడిగితే మావాడు ఏమన్నాడో తెలుసా? “పగలంతా నువ్వున్నావు కదమ్మా.” అంటే చిలకకి తోడు నేనా, నాకు తోడు చిలకా? అప్పట్లో ఒక్క చిలక బరువుని వీధి మొత్తం మోసింది. ఇప్పుడా బరువంతా మోకాళ్ల నొప్పులున్న ముసలిదాని మీద పెడతారా? నాకూ పనులుంటాయి. సాయంత్రం గుడి, కింద పార్కులో స్నేహితురాళ్లు, మధ్యలో కునుకు. రోజంతా ఒక్కత్తే ఉన్న చిలక ఊరుకోదు. అరుస్తుంది, ఊచలు కొరుకుతుంది, ముదిరితే తన ఈకలు తనే పీక్కుంటుంది. ఆఫ్రికన్ గ్రే చిలకల మీద వియన్నా పరిశోధకులు 2014లో రాశారు కూడా, ఒంటరిగా పెంచినవాటి కణాల్లో వయసు మీదపడిన గుర్తులు జతగా ఉన్నవాటికంటే ఎక్కువని. స్విట్జర్లాండ్‌లో చిలకల్ని ఒంటరిగా పెంచడం చట్టానికే విరుద్ధం.

దీనికి వీళ్ల విరుగుడు ఇంకా ముచ్చటగా ఉంటుంది. అమెరికా, స్కాట్లాండ్ పరిశోధకులు కలిసి 2023లో 18 పెంపుడు చిలకలకి వీడియో కాల్ చేయడం నేర్పారు. గంట మోగిస్తే టాబ్లెట్ తెస్తారు, తెర మీద కనిపించే చిలకల బొమ్మల్లో కావలసినదాన్ని ముక్కుతో తాకితే అది ఫోన్‌లోకి వస్తుంది. అవి పాటలు పాడుకున్నాయట, ఈకలు సర్దుకుంటూ కబుర్లాడుకున్నాయట. డల్లాస్‌లో ఉన్న మా పెద్ద మనవడికి ఈ సంగతి పంపాను. వాడికి పండగకోసారి గానీ గంట మోగించడం గుర్తురాదు.

సరే, జతే తెద్దామంటే అదీ తేలిక కాదు. చిలకా గోరింకల్లా ఉంటాయనుకుని ఏవో రెండు తెచ్చి ఒకే పంజరంలో పడేస్తే కుదరదు. నిజానికి చిలకా గోరింకా కలిసి కాపురం చేసింది మన సామెతల్లోనే, చెట్టు తొర్ర కోసం అవి జుట్టూ జుట్టూ పట్టుకుంటాయి. ఇంట్లో ముందే ఒక పిట్ట ఉంటే కొత్తదాన్ని కనీసం నెల రోజులు వేరే గదిలో ఉంచాలి, రోగాలు అంటకుండా. తర్వాత పంజరాలు పక్కపక్కన పెట్టి చూపు పరిచయం కావాలి. మా కాలం పెళ్లిచూపుల్లో అంత వ్యవధి ఇవ్వలేదు. బడ్జీల్లో రెండు ఆడవి ఒకచోట ఉంటే కొట్టుకు చచ్చే ప్రమాదముంది. ఆడా మగా పెట్టి గూటికుండ కూడా వేలాడదీశామా, ఏడాది తిరిగేసరికి ఇంటినిండా పిల్లలే, పంచిపెట్టడానికి అపార్ట్‌మెంట్ చాలదు. కుండ పెట్టకపోతే చాలావరకు ఊరుకుంటాయి.

వయసు సంగతి కూడా చూడాలి. బడ్జీ ఐదు నుంచి పదేళ్లు ఉంటుంది. కాకటీల్ పదిహేను, ఇరవై. పెద్ద చిలకలైతే అంతకంటే చాలా ఎక్కువ. మనవరాలు ఇంజినీరింగ్ అయి, ఎం.ఎస్.కని విమానం ఎక్కేనాటికి కాకటీల్‌కి నడివయసు. నేనుంటానో ఉండనో. జతలో ఒకటి పోతే రెండోది మళ్లీ ఒంటరిదే కదా, అప్పుడు ఇంకోటి తేవాలా, ఆ ఇంకోటి చివరికి ఒంటరిది కాదా? ఈ లెక్కకి అంతు నాకు దొరకలేదు. మా అబ్బాయి సాఫ్ట్‌వేర్, వాడికీ దొరకలేదు.

నా తీర్పు చెప్పాను. పిల్ల మాట్లాడించుకోవడానికి పిట్ట కావాలంటే వద్దు, దానికి తమ్ముడున్నాడు, వాణ్ని మాట్లాడించమనండి. పిట్టల్ని చూడాలని, వాటి గోల వినాలని ఉంటే రెండు బడ్జీలు తెచ్చుకోండి, రెండూ మగవి, ముక్కు పైన నీలంగా ఉన్నవి. పంజరం గుండ్రటిది కాదు, పొడవాటిది, ఈ చివరి నుంచి ఆ చివరికి ఎగిరేంత. కొర్రలు పెట్టండి, ఆకుకూరలు పెట్టండి, సముద్రపు నురుగు వేలాడదీయండి. నాన్‌స్టిక్ పెనం పొయ్యి మీద మాడిందా, ఆ పొగకే పిట్టలు పడిపోతాయి, కాబట్టి పాత ఇనప పెనం దించండి. కోడలు ఈ ఒక్క షరతు దగ్గర మొహం మాడ్చుకుంది గానీ, దోసెలు బాగా వస్తున్నాయని తర్వాత తనే అంది.

వచ్చాయి. ఒకటి పచ్చది, ఒకటి నీలం. పిల్ల చేతి మీద కొర్రలు పెట్టుకుని పంజరంలో పెడితే వచ్చి తింటున్నాయి, కాబట్టి జతయితే మచ్చిక కావన్న దుకాణం అబ్బాయి మాటా సగమే. మాటలు మాత్రం ఏమీ నేర్చుకోలేదు. పొద్దస్తమానం ఒకదాని చెవిలో ఒకటి ఏదో గొణుక్కుంటాయి, నేను కునుకు తీసే వేళకి స్థాయి పెంచుతాయి. పంజరం అడుగున కాగితం మార్చడానికి వంతులేసి ఫ్రిజ్ మీద అంటించారు. అందరి పేర్లూ ఉన్నాయి, ఆదివారం గడిలో. మిగతా గడులన్నిట్లో “నానమ్మ” అని రాసి ఉంది, మనవరాలి చేతిరాత, పక్కన నవ్వే బొమ్మ.