తాళాలగుత్తి ఆత్మకథ

నేను ఒక తాళాలగుత్తిని. ఇనప రింగు, దానికి బీరువా చెవి, వడ్ల గది చెవి, పొలంలో మోటారు స్టార్టర్ డబ్బా చెవి. కొన్నది కోదాడ బజార్లోనైనా, నా బతుకంతా అనంతగిరి మండలంలో ఒక ఇల్లాలి బొడ్లోనే. నాకు రెండు ఉద్యోగాలు. ఒకటి తాళాలు తీయడం, రెండోది ఆమె కొడుక్కి మూర్ఛ వచ్చినప్పుడు వాడి గుప్పిట్లో దూరడం.

ఈ రెండో పనిలో నాకు మహా పేరు. పిల్లగాడు పడిపోగానే వాడకట్టంతా "ఇనుము పెట్టండి, ఇనుము" అని అరిచేది. కాసేపటికి కొట్టుకోవడం ఆగేది. "చూసినవా, ఇనుము పడంగనే తగ్గింది!" అసలు చాలా మూర్ఛలు ఒకటి రెండు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి. ఉల్లిపాయ వాసన చూపించినా ఆగుతాయి, ఏమీ చూపించకపోయినా ఆగుతాయి. ఒకసారైతే నా పళ్లే వాడి అరచేతిని కోశాయి.

పెద్ద ఫిట్స్ కంటే చిన్నవే ఎక్కువ వచ్చేవి, వాటిని మాత్రం ఎవరూ మూర్ఛ అనుకోలేదు. అన్నం ముందు కూర్చున్నవాడు కడుపులోంచి ఏదో పైకి తన్నుకొస్తోందనేవాడు. చూపు నిలబడిపోయేది. పెదాలు చప్పరిస్తూ చొక్కా గుండీలు పీకేవాడు. పరధ్యానమని నాయనమ్మ, గాలి సోకిందని పక్కింటామె. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకున్నారు. పసితనంలో జ్వరంతో వచ్చిన ఫిట్స్ అరగంట దాకా ఆగలేదన్న సంగతి, హైదరాబాద్‌లో డాక్టరమ్మ అడిగేదాకా ఎవరికీ తట్టలేదు.

ఎమ్మారై గదిలోకి నన్ను రానివ్వలేదు. అక్కడి అయస్కాంతం నాలాంటివాళ్లను అమాంతం లాగేస్తుందట. ఫిల్ము వచ్చాక డాక్టరమ్మ తెల్లకాగితం మీద బొమ్మ గీసింది. ఫ్యాను గాలికి కాగితం ఎగరకుండా నన్ను మీద పెట్టారు. ఆ రోజు నేను చేసిన పని అదొక్కటే, కానీ మాట పొల్లుపోకుండా విన్నాను.

కణత లోపల, మెదడు అడుగున హిప్పోక్యాంపస్ అనే భాగం ఉంటుంది. సముద్రపు గుర్రం ఆకారం కనుక ఆ పేరు. కొత్త జ్ఞాపకాలు కుదురుకునేది అక్కడే. 1953లో అమెరికాలో ఒకాయనకు మూర్ఛ తగ్గాలని రెండువైపులా దాన్ని చాలావరకు తీసేస్తే, ఫిట్స్ తగ్గాయి గానీ కొత్త సంగతేదీ ఆయన మనసులో నిలవకుండా పోయింది. మా వాడికి కుడివైపుది ముడుచుకుపోయి ఉంది.

దాని వాకిట్లో గ్రాన్యూల్ కణాలు కాపలా ఉంటాయి. వచ్చిన సంకేతాల్లో కొన్నింటినే లోపలికి పంపిస్తాయి. గ్లూటమేట్ అనే రసాయనం కణాలను ఉసిగొల్పితే, గాబా అనే రసాయనం పగ్గం వేస్తుంది. మూర్ఛ చాలాసేపు సాగితే, ఈ కాపలా కణాల తీగలు అందుకునే కణాలు కొన్ని చచ్చిపోతాయి. జతను పోగొట్టుకున్న తీగలు ఊరుకోవు. వెనక్కి తిరిగి తోటి గ్రాన్యూల్ కణాలకే కొత్తగా అతుక్కుంటాయి. ముందుకు పోవాల్సిన ఉద్రేకం వాకిటికే తిరిగొస్తుంది.

"అంటే మేడం, కింది మడికి పోవాల్సిన నీళ్లు మళ్లా తూముకే ఎక్కినట్టా?" అంది మా అమ్మగారు. సాగర్ ఎడమ కాల్వ కింద సేద్యం చేసే మనిషి మరి.

"అంతేనమ్మా. కాకపోతే ఈ నీళ్లు తిరిగినకొద్దీ పెరుగుతాయి."

దీన్ని ఎలా కనిపెట్టారో విన్నాక నాకు కాస్త ఈర్ష్య కలిగింది. ఆ తీగల కొసల్లో జింకు ఉంటుందట. దాన్ని నల్లగా చూపించే రంగు వేసి, తీగలు ఎక్కడెక్కడికి పాకాయో 1980ల్లో ముందు ఎలుకల్లో, 1989 నాటికి ఆపరేషన్లలో తీసిన మనుషుల మెదడు ముక్కల్లో చూశారు. ఇనుము చెయ్యలేని పని జింకు చేసింది!

అయితే ఈ కొత్త అతుకులే మూర్ఛకు కారణమా, మూర్ఛ వదిలిన గుర్తులా అన్న వాదం తెగలేదు. అతుకులు పడకుండా మందుతో ఆపినా కొన్ని జంతువుల్లో ఫిట్స్ ఆగలేదు. ఇంకోవైపు, 1960ల్లో గాడర్డ్ అనే శాస్త్రవేత్త ఎలుకల మెదడుకు రోజూ కొద్దిపాటి కరెంటు ఇస్తే, మొదట్లో ఏమీ కాని అదే కరెంటుకు కొన్నాళ్లకు పూర్తి మూర్ఛ రావడం మొదలైంది. మెదడు మూర్ఛను కూడా నేర్చుకోగలదు. నాకైతే ఆ ఒక్క సంగతి చాలు, మాత్ర ఒక్కపూట కూడా మానొద్దనడానికి.

మందులతో మూడింట రెండొంతుల మందికి ఫిట్స్ అదుపులోకొస్తాయి. లొంగనివాళ్లలో కొందరికి, దెబ్బతిన్న ఒక్కవైపు భాగాన్ని తీసే ఆపరేషన్ ఉంది. మా వాడికి ఇప్పటికి మాత్రలే సరిపోతున్నాయి.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా పడిపోతే మా తాళాలగుత్తుల జోలికి రాకండి. మనిషిని ఒక పక్కకు ఒత్తిగిల్లేలా తిప్పండి, నోట్లో ఏమీ కుక్కకండి, గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి ఫోన్ చెయ్యండి.