నాలుగు జీబీల బతుకు

నా పెట్టె మీద ‘4 జీబీ’ అని అచ్చేశారు. 2014లో వనస్థలిపురం రైతు బజార్ దగ్గర ఇంట్లోనే జాకెట్లు కుట్టే టైలరమ్మ నన్ను కొనుక్కుంది. ఆమెకు దక్కింది రెండు జీబీల పైచిలుకు. మిగతాది ఫ్యాక్టరీలోనే పంపకమైపోయింది: ఫోన్ లేవడానికి కొంత, మరమ్మతుకు కొంత, పెద్ద వాటా ఆండ్రాయిడ్‌కి. ఆ సిస్టమ్ వాటాలో ఖాళీ మిగిలినా అక్కడ ఫొటో దాచుకోనివ్వను. కత్తిరించేసిన బట్టలో చేతుల ముక్క మిగిలితే వీపు ముక్క పెరగదు కదా, అంతే. పైగా కంపెనీ లెక్కలో జీబీ అంటే వంద కోట్ల బైట్లు. 1024 చొప్పున లెక్కగట్టే నా లెక్కలో ఆ నాలుగూ 3.7 మాత్రమే.

శ్రావణమాసం వస్తే నాకు ఊపిరాడేది కాదు. చింతలకుంట నుంచి, హయత్‌నగర్ నుంచి మగ్గం వర్క్ డిజైన్లు వాట్సాప్‌లో వచ్చిపడేవి. ‘స్టోరేజీ లేదు’ అని నేను చెబితే ఆమె 32 జీబీ కార్డు కొనితెచ్చింది. మర్నాడు మళ్లీ అదే మాట చెప్పాను.

“కార్డు ఏసిన గదా, ఇంకా ఫుల్ అంటదేంది?”

ఆమె అడిగిందాంట్లో తప్పేం లేదు. 2010లో వచ్చిన ఆండ్రాయిడ్ 2.2 నుంచీ కొన్ని యాప్‌లను కార్డులోకి జరపొచ్చు. అయినా వాటి సొంత డేటా ఫోన్‌లోనే ఉండిపోతుంది. వాట్సాప్ తన ఫొటోలను కార్డులో పెట్టదు. నాలో ఉన్న ఆండ్రాయిడ్ కిట్‌క్యాట్ అయితే బయటి యాప్‌లను కార్డులో వాటి సొంత ఫోల్డర్ దాటి రాయనివ్వదు.

మొబైల్ షాపు కుర్రాడు తెరిచి ఉన్న యాప్‌లన్నీ వేలితో తోసేసి “ఫ్రీ అయింది అక్కా” అన్నాడు. అతను ఖాళీ చేసింది ర్యామ్. నడుస్తున్న పని కోసం వాడుకునే చోటు అది, స్విచాఫ్ చేస్తే దానంతటదే తుడిచిపెట్టుకుపోతుంది. దాన్నెంత ఊడ్చినా ఒక్క ఫొటోకు చోటు రాదు. రెండోసారి వెళ్తే నోట్స్ యాప్‌లో ‘క్లియర్ డేటా’ నొక్కాడు. ఛాతీ, భుజం, చేతి పొడవు, మెడ లోతు... అన్ని ఇళ్ల ఆడవాళ్ల కొలతలు ఒక్క దెబ్బకు పోయాయి. పండగ ముందు అందరినీ పిలిచి మళ్లీ టేపు పట్టింది పాపం. ‘క్లియర్ క్యాష్’ నొక్కితే తాత్కాలికపు చెత్త మాత్రమే పోతుంది. పక్కపక్కనే ఉండే ఈ రెండు బటన్ల తేడా ఫోన్ అమ్మేటప్పుడే చెప్పాలి. అలా చెప్పకపోవడం నా దృష్టిలో అన్యాయం.

ఆఖరికి డిప్లొమా చదివే మేనల్లుడు కూర్చుని నన్ను ఓపిగ్గా చూశాడు. “అత్తా, నువ్ పంపిన ఫొటో గూడ మల్లొక కాపీ అయి కూసుంటది. గ్యాలరీల కనవడదు” అంటూ వాట్సాప్ ఇమేజెస్‌లో ‘సెంట్’ అనే ఫోల్డర్ తెరిచాడు. ఆమె నెలల తరబడి పంపిన జాకెట్లన్నీ అందులో ఉన్నాయి. కొన్నప్పుడే ఉన్న యాప్‌ల సంగతి కూడా చెప్పాడు. వాటి అసలు ప్రతి సిస్టమ్ వాటాలో ఉంటుంది, అప్‌డేట్ మాత్రం ఆమె వాటాలోకొచ్చి కూర్చుంటుంది. వాడనివాటి అప్‌డేట్‌లు తీసేసి, వాటిని డిసేబుల్ చేశాడు. ఆ ఏడాది పెళ్లిళ్ల సీజన్ నెట్టుకొచ్చాం.

తర్వాత కొన్నేళ్లకు కిట్‌క్యాట్ ఫోన్లలో వాట్సాప్ ఆగిపోయింది. ఇప్పుడు కుట్టుమిషన్ సొరుగులో ఉంటూ కొలతలు మాత్రం చూపిస్తున్నాను.

మొన్నొక కస్టమర్ కొత్త ఫోన్ తెచ్చి, పదహారు జీబీ ర్యామ్ అని చూపించింది. డబ్బా మీద ‘8+8’ అని ఉంది. రెండో ఎనిమిదీ స్టోరేజీలోంచి తీసి ర్యామ్‌లా వాడుకునేది. అసలు ర్యామ్ వేగం దానికి రాదు, పైగా ఆ మేరకు ఫొటోల చోటు తగ్గుతుంది. అప్పుడే ఫుల్ అంటోందని ఆ అమ్మాయి ‘క్లియర్ డేటా’ మీద వేలు పెట్టబోయింది.

“ఆగు బిడ్డా,” అంది టైలరమ్మ. “ముందు ఫొటోలు కంప్యూటర్ల ఏసుకో. తర్వాత సెంట్ ఫోల్డర్ చూద్దాం.”